మా పన్నెండు నెలల లెక్క

ఏడాది తిరిగిందంటే ఎవరి లెక్కలు వాళ్లు చూసుకుంటారు. షావుకారు కొత్త ఖాతా పుస్తకానికి పసుపు రాస్తాడు. ఉద్యోగి ఇంక్రిమెంటు చూసుకుంటాడు. రైతు అప్పు ఎంత మిగిలిందో చూసుకుంటాడు. మాకు మాత్రం లెక్క చూసుకునే వీలు లేదు. మేం లెక్క చెప్పుకోవాలి. పోలీసుకి, పేపరుకి, పార్టీకి, పక్కింటివాడికి చెప్పుకోవాలి. అదీ ఒక్క పద్దు కిందే. మతం పద్దు.

ఈ ఏడాది ఎంత పని దొరికింది, ఇంట్లో ఎవరికి జబ్బు చేసింది, పిల్ల ఇంటర్ దాటిందా అని మమ్మల్ని అడిగినవాడు లేడు. ఫలానా చోట తుపాకీ పేలితే ఎందుకు ఖండించలేదు, ఫలానా నినాదం ఎందుకు ఇవ్వలేదు అని అడగనివాడు లేడు. మాకూ ఒక బతుకు ఉంది. అందులో పని ఉంది, ఇల్లు ఉంది, ఈమాన్ ఉంది. మూడూ ఒకే దారంతో కుట్టిన పుస్తకం అది. మీరు అందులోంచి ఒక్క కాగితం చింపుకుని, అదే మొత్తం పుస్తకం అంటున్నారు. మా గొడవ ఇదీ.

2025నే తీసుకోండి. మార్చి 30న ఉగాది, విశ్వావసు నామ సంవత్సరం మొదలైంది. మర్నాడు 31న రంజాన్ పండుగ. రెండూ పక్కపక్కన రావడం వింతేమీ కాదు. అమావాస్య వెళ్లిన పాడ్యమి మీకు ఉగాది. ఆ సాయంత్రం కనిపించిన నెలవంక మాకు ఈద్ కా చాంద్. చంద్రుడు ఒక్కడే. తేడా ఏమిటంటే, పంచాంగం రెండు మూడేళ్లకోసారి అధిక మాసం వేసి సూర్యుడితో సర్దుకుంటుంది. హిజ్రీ సర్దుకోదు. దాని ఏడాది 354 రోజులకే అయిపోతుంది. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరిగి, ముప్ఫై మూడేళ్లలో అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. నలభై దాటినవాళ్లం 1998లో డిసెంబరు చలిలో రోజా ఉన్నాం, 2018లో మే ఎండల్లో ఉన్నాం. 2030లో ఒకే ఇంగ్లీషు సంవత్సరంలో రెండుసార్లు రంజాన్ నెల మొదలవుతుంది.

కడపలో ఉగాది నాడు ముస్లింలు దేవుని కడపకి పోతారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అంటారు, వేంకటేశ్వరస్వామి అల్లుడంటారు. అల్లుడికి కొబ్బరికాయ కొట్టి వస్తారు. దీన్ని ఏ ప్రభుత్వమూ పథకంగా పెట్టలేదు, ఏ సంఘమూ తీర్మానం చెయ్యలేదు. తాతల నాటి నుంచి వస్తోంది.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న రెండు పండుగలు అయ్యి రెండు రోజులు గడవలేదు. ఏప్రిల్ 2న లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లు చర్చకి వచ్చింది. అర్ధరాత్రి దాటాక పాసైంది. 5న రాష్ట్రపతి ఆమోదం. 8 నుంచి అమలు. ఆడపిల్లల చేతుల మీద పండుగ మెహందీ పోకముందే మా తాతలు అల్లా పేరు మీద ఇచ్చిన భూముల సంగతి తేల్చేశారు. ఆ చట్టానికి పెట్టిన కొత్త పేరును పొట్టిగా చేస్తే 'ఉమీద్' వస్తుంది. ఉర్దూలో ఉమీద్ అంటే ఆశ. మా భాషలోంచి మాట తీసుకుని మా మీదే చట్టం చేశారు.

సరే, పని దగ్గర నుంచి మొదలుపెడదాం. మీరు ఎలాగూ అక్కడ నుంచి మొదలుపెట్టరు.

మాలో ఉర్దూ, తెలుగు రెండూ రాసేవాళ్లం పత్రికాఫీసుల్లో ఉన్నాం. మాకు పడే డ్యూటీలు చూడండి. రంజాన్ వచ్చిందంటే హలీం మీద రాయాలి. హైదరాబాద్ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి ఏటా రాయాలి. బక్రీద్‌కి పొట్టేలు ధర. మొహర్రంకి బీబీ కా ఆలం ఊరేగింపు, ఏనుగు ఫొటో. ఎక్కడన్నా బాంబు పేలితే పాతబస్తీ వెళ్లి 'రియాక్షన్' తేవాలి. మిగతా రోజుల్లో కరెంటు చార్జీల వార్తకి, ఆస్పత్రి వార్తకి, పరీక్ష ఫలితాల వార్తకి మాతో పనుండదు. మా వాళ్లు కరెంటు వాడరా? వాళ్లకి జబ్బులు రావా? వాళ్ల పిల్లలు పరీక్షలు రాయరా? వార్త రాసే మేమే మతం వార్తకి తప్ప పనికిరాకపోతే, వార్తలో ఉండే మా వాళ్ల గతి ఏమిటి?

ఇక ఆ ఒక గంట సంగతి. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం నాలుగింటికే ఇంటికి వెళ్లొచ్చని తెలంగాణ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. ఏళ్లుగా ఇస్తున్నదే. వెంటనే 'బుజ్జగింపు' అని అరిచారు. అసలు ఆ గంట ఎంతమందికి వస్తుంది? 2006లో సచార్ కమిటీ దేశం మొత్తం మీద లెక్క తేల్చింది. జనాభాలో మేం 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. మా వాళ్లలో ఎక్కువమంది సొంతంగా చిన్నాచితకా పనులు చేసుకునేవాళ్లేనని కూడా ఆ కమిటీయే చెప్పింది. పంక్చర్ షాపు వాడికి గంట సెలవు ఎవరిస్తారు? ఆటో వాడు నాలుగింటికి బండి ఆపితే ఫైనాన్సు వాడు కిస్తీ తగ్గిస్తాడా? మగ్గం వర్క్ చేసే కుర్రాడు, వెల్డింగ్ మేస్త్రీ, ఏసీ మెకానిక్, పెయింటరు రోజా ఉండే పని చేస్తారు. మగ్రిబ్ అజాన్ వినపడితే ఉన్నచోటే ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్లు తాగుతారు. గుప్పెడుమంది ఉద్యోగుల గంట మీకు కనబడింది. లక్షలమంది నెల రోజుల చెమట కనబడలేదు.

రిజర్వేషన్ల మాటా ఇంతే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఇ కింద 4 శాతం చట్టం వచ్చింది. ఆ జాబితా ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, గారడీ సాయిబులు, ఎలుగులను ఆడించేవాళ్లు, హజాములు, ఖురేషీలు, ఫకీర్లు, తిరగళ్లకి గంట్లు కొట్టే తురక కాశలు. చాలావరకు పనుల పేర్లే! సయ్యద్‌లు, మొఘలులు, బోహ్రాలు, ఇరానీలు ఆ జాబితాలో లేరు. బయట పెట్టారు. మతం చూసి ఇచ్చిందైతే వాళ్లని ఎందుకు వదిలారు? దూది ఏకి పరుపులు కుట్టే దూదేకులవాళ్లు అంతకు ఎంతో ముందు నుంచే బీసీల్లో ఉన్నారు. ఆ 4 శాతాన్ని 2010లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది ఊపిరి పోసుకుంది.

2025 ఫిబ్రవరిలో తెలంగాణ కులసర్వే లెక్కలు బయటికి వచ్చాయి. ముస్లింలు 12.56 శాతం. అందులో 10.08 శాతం బీసీలే. అంటే మాలో ప్రతి ఐదుగురిలో నలుగురు బీసీలు. మార్చిలో అసెంబ్లీ బీసీలకి 42 శాతం బిల్లులు పాస్ చేసింది. అప్పుడేమన్నారు? ముస్లింలని అందులోంచి తీసేస్తేనే ఒప్పుకుంటామన్నారు. తిరగలికి గంట్లు కొట్టే చేతికి మతం ఏమిటి? మంగలి కత్తి పట్టిన హజాం వెనకబడినవాడు కాకుండా ఎలా పోతాడు? మేం పని చూపిస్తే మీరు టోపీ చూస్తున్నారు.

మా పని మీ గుడి దాకా కూడా వచ్చింది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం పట్టుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. స్వామికి సేవగా సన్నాయి ఊదినా ఆయన ముస్లింగానే బతికారు. కచేరీ అయ్యాక 'అరె, సాయిబా!' అని ఆశ్చర్యపోయే జనం ఆయన విద్యని మెచ్చుకుంటున్నారో, తమ ఔదార్యాన్ని మెచ్చుకుంటున్నారో మాకు అర్థం కాదు.

ఇప్పుడు ఇంటి సంగతి.

మా ఇళ్లల్లో ఏడాదికి పన్నెండు నెలలు కాదు. రాయచోటి, రాజంపేట వైపు వెళ్లి అడగండి. కువైట్ అగ్రిమెంటు రెండేళ్లు. అమ్మ ఖద్దామాగా పోతే, పిల్ల అయిదో తరగతిలో ఉన్నప్పుడు పోయిన తల్లి ఏడో తరగతి అయిపోయాక వస్తుంది. ఆ ఇంట్లో ఏడాది అంటే సగం ఎడబాటు. పండుగ రోజు ఫోనులో ముఖం చూపించి షీర్ ఖుర్మా తాగమంటుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు వెళ్తే బీడీలు చుట్టే ఆడవాళ్లు కనబడతారు. చాటలో తునికాకు, తంబాకు, దారం. సహర్‌కి లేచి వండినామె, ఇఫ్తార్‌కి మళ్లీ వండేదాకా ఆ చాట ముందే కూర్చుంటుంది. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. బాగా లేవని పక్కన పడేసిన బీడీలకి కూలి లేదు. లాడ్ బజార్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఇంటి మూల కూర్చుని ఆ గాజుకి రాళ్లు అద్దే ఆడమనిషికి ఏ గుర్తింపు వచ్చింది?

ఈ ఆడవాళ్ల బతుకు మీద మాట్లాడడానికి అందరికీ ఉత్సాహమే. 2019లో ట్రిపుల్ తలాక్ మీద చట్టం చేశారు. మొగుడికి మూడేళ్ల దాకా జైలన్నారు. వాడు జైల్లో ఉంటే ఆమెకి నెలకి బియ్యం ఎవరు తెస్తారో గట్టిగా చెప్పలేదు. ఇటు మా పెద్దలేం తక్కువ తిన్నారు? విడాకులిచ్చిన భార్యకి భరణం ఇవ్వనక్కర్లేదని తెలంగాణ నుంచే ఒక మొగుడు సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఇవ్వాల్సిందేనని 2024 జులై 10న కోర్టు చెప్పింది. వెంటనే షరియత్‌కి ప్రమాదం వచ్చిందన్నారు. షరియత్ చెప్పిన మెహర్ చెల్లించకుండా, షరియత్ చెప్పని జోడే కీ రఖం లెక్కపెట్టి తీసుకునేటప్పుడు ఆ ప్రమాదం ఎక్కడికి పోతుంది? కట్నం కోసం ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రి గురించి ఏ జుమ్మా ప్రసంగంలో మాట్లాడారు? ఆమె అడిగింది అన్నం. మీరూ, వాళ్లూ కలిసి దాన్ని మతం చేశారు.

ఈ మాట బయటివాళ్ల ముందు ఎందుకు అంటారు మా పెద్దలు. బయటా లోపలా ఒకే మాట మాట్లాడడమే ఈమాన్ అని మాకు నేర్పింది మా నానీమాలే.

ఇక ఈమాన్ దగ్గరికి వద్దాం. దీన్ కూడా మమ్మల్ని ఏడాదికోసారి లెక్క అడుగుతుంది. దాని పేరు జకాత్. యాభై రెండున్నర తులాల వెండి విలువకి తగ్గకుండా సొమ్ము నీ దగ్గర ఏడాది నిలిచి ఉంటే, నూటికి రెండున్నర పేదవాడికి తీసివ్వాలి. ఎంత సూటి లెక్క చూడండి! నీ దగ్గర ఎంత మిగిలింది, పక్కవాడికి ఎంత ఇచ్చావు అని అడుగుతుంది. నువ్వు ఎవరికి వ్యతిరేకంగా నినాదం ఇచ్చావు అని అడగదు. మా బస్తీల్లో చాలా ఇళ్లు ఈ లెక్కలో ఇచ్చే వైపు లేవు, పుచ్చుకునే వైపు ఉన్నాయి. మా దేవుడు మా ఖాతా పుస్తకం మొత్తం చూస్తాడు. మీ ప్రభుత్వం టోపీ, గడ్డం చూస్తుంది.

కొత్త వక్ఫ్ చట్టంలో ఒక షరతు పెట్టారు. వక్ఫ్ చేసేవాడు కనీసం ఐదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తున్నట్టు చూపించాలట. ఐదేళ్ల ఈమాన్‌కి సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఎమ్మార్వోనా? 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు, దానికి రాష్ట్రాలు నియమాలు చేసేదాకా ఆ షరతుని ఆపింది. బాగానే ఉంది. కానీ ఆ ఆలోచన పుట్టిన బుర్రని ఏ కోర్టు ఆపుతుంది? దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, భూమి దాదాపు 6 లక్షల ఎకరాలని సచార్ కమిటీ రాసింది. సరిగ్గా వాడితే ఎన్ని బళ్లు, ఎన్ని ఆస్పత్రులు నడుస్తాయో కూడా రాసింది. ఆ భూముల్ని కబ్జా చేసినవాళ్లలో ప్రభుత్వాలున్నాయి, పెద్దమనుషులున్నారు, మన ముతవల్లీలు కూడా ఉన్నారు. దొంగని పట్టుకోవడానికి ఇంటివాడి నమాజు లెక్కపెట్టడం ఎక్కడి న్యాయం?

ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మతం అడిగి చంపారు. మా ఇళ్లల్లో ఆ రాత్రి ఎవరికీ అన్నం దిగలేదు. మూడో రోజు జుమ్మాకి హైదరాబాద్ మసీదుల్లో నల్ల బాడ్జీలు కట్టుకుని నమాజు చేశారు. మనసు కాలి చేశారు. చనిపోయిన 26 మందిలో సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షా ఉన్నాడు. గుర్రం మీద పర్యాటకుల్ని తిప్పి ఇల్లు పోషించే కూలీ. వాళ్లని కాపాడబోయి చచ్చిపోయాడు. పని, ఇల్లు, ఈమాన్ మూడూ అతని ఒక్క బతుకులో ఉన్నాయి. అయినా మర్నాటి నుంచి మా ప్రతి ఒక్కరి ముందూ మైకు పెట్టి 'మీరు ఖండిస్తారా?' అన్నారు. ఆదిల్ ప్రాణం కన్నా పెద్ద ఖండన మా దగ్గర ఏముంది?

మేలో శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద దాడి చేశారు. ఆ బేకరీ 1953లో పెట్టింది దేశ విభజనలో సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని అనే హిందువు. కరాచీ అన్న పేరు చాలు, ఇల్లు పోగొట్టుకుని వచ్చిన హిందువు కూడా మాలాగే లెక్క చెప్పుకోవాల్సి వచ్చింది.

అదే మే నెల 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌస్‌లో తెల్లవారుజామున ఇల్లు అంటుకుంది. ఒకే హిందూ కుటుంబంలో 17 మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిదిమంది పిల్లలు. ఫైరింజన్ల కన్నా ముందు లోపలికి ఉరికింది ఆ వీధి గాజుల వ్యాపారం చేసుకునే మా కుర్రాళ్లు. షట్టర్ విరగ్గొట్టారు, గోడ పగలగొట్టారు, పొగలో దూరారు. వాళ్లని ఏ దేశభక్తి పత్రం అడిగి లోపలికి పంపించాలి?

నవంబరు 17న మదీనా దగ్గర ఉమ్రా యాత్రికుల బస్సు ట్యాంకరుని గుద్దుకుని కాలిపోయింది. 45 మంది చనిపోయారు, ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లు. ఒకే కుటుంబంలో 18 మంది, మూడు తరాలవాళ్లు. మదీనాలోనే జన్నతుల్ బఖీలో మట్టి చేశారు. ఏడాది పొడుగునా కూలి డబ్బులో కొంత పక్కన పెట్టి, అమ్మని తీసుకుని, పిల్లల్ని తీసుకుని పోయేదే ఉమ్రా. ఏది పని, ఏది కుటుంబం, ఏది మతం అని అక్కడ ఎవరు విడదీస్తారు? మే నెలలో 17, నవంబరులో 18. రెండూ ఈ ఊరి ఇళ్లే. రెండు ఇళ్ల ముందూ ఏడ్చాం. ఏడుపుని కూడా మతం పద్దు కింద రాసుకునేవాళ్లకి మేం ఏం చెప్పగలం?

ప్రగతిశీల మిత్రులకి కూడా ఒక మాట. మీరు మా తరఫున మాట్లాడతారు, కాదనం. కానీ మీ సభల్లో మా పని గురించి మాట్లాడాల్సి వస్తే 'శ్రామికవర్గం' అని మా పేరు తీసేస్తారు. మతతత్వం మీద మాట్లాడాల్సి వస్తే మమ్మల్ని పిలిచి టోపీతో వేదికెక్కిస్తారు. బీడీలు చుట్టే ఫాతిమాని ఫాతిమాగానే కార్మికురాలని ఎందుకు పిలవలేరు? భాష మతం కాదని, ఉర్దూ ఈ నేల మీద పుట్టిన భాషేనని 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ భాషలో పాఠాలు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ 1918లోనే పుట్టిన ఈ గడ్డ మీద కూడా దాన్ని మసీదు మెట్ల దగ్గరే వదిలేశారు. మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడి బజార్లో తెలుగు మాట్లాడేవాళ్లం. ఏ భాషలో అప్పు అడిగినా వడ్డీ ఒకటే.

సర్దుకోమని మాకు చెప్పకండి. 2023 సెప్టెంబరు 28న మిలాదున్నబీ, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు వస్తే, హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపుని మా వాళ్లే అక్టోబరు 1కి మార్చుకున్నారు. హిజ్రీ సూర్యుడితో సర్దుకోలేదు గానీ, మేం పొరుగువాడితో సర్దుకున్నాం.

మేం అడిగేది జాలి కాదు, మెచ్చుకోలూ కాదు. కులగణన జరిగినప్పుడు మా పనులని పనులుగా రాయండి. బీసీ ముస్లింని బీసీగా లెక్కపెట్టండి. వక్ఫ్ భూమిలో కబ్జాదారుని వెళ్లగొట్టి అక్కడ ఆడపిల్లల కాలేజీ కట్టండి. బీడీ కార్మికురాలి కూలి పెంచండి. కువైట్ పోయిన తల్లి క్షేమం కనుక్కోవడానికి ఒక ఆఫీసు పెట్టండి. మసీదు కమిటీలు జకాత్ ఎవరిచ్చారు, ఎవరికి అందింది గోడ మీద రాసి పెట్టండి, ఆడవాళ్లకి ఆ కమిటీలో కుర్చీ వెయ్యండి.

వచ్చే ఏడాది మా దగ్గరికి లెక్క అడగడానికి వచ్చేవాళ్లు ముందు కూలి ఖాతా తెరవండి. తర్వాత ఇంటి ఖాతా చూడండి. ఆ రెండూ చదివినవాడికి మా ఈమాన్ గురించి అడగాల్సిన పని ఉండదు. చదవనివాడికి దాని గురించి అడిగే హక్కు లేదు.